ప్రొఫెసర్ ఉద్యోగం నుంచి విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లొచ్చా? రెండు వైపులా పనిచేసినవాడి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు రాష్ట్ర యూనివర్సిటీలో ఎకనమిక్స్ అసోసియేట్ ప్రొఫెసర్, వయసు 47, కరెంటు ఛార్జీల మీదే పీహెచ్‌డీ చేశారు. ఈఆర్‌సీలో (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, దాన్నే కమిషన్ అంటాం) టారిఫ్, అంటే ఛార్జీల విభాగానికి డిప్యుటేషన్ మీద జాయింట్ డైరెక్టర్ కావాలని ప్రకటన చూశారు. వెళ్తే యూనివర్సిటీలో వెనకబడిపోతానా, అక్కడ మన చదువుకు విలువ ఉంటుందా, లేక ప్రభుత్వం చెప్పినదానికి ముద్ర వేయడమేనా అని అడిగారు. ఇంట్లో వద్దంటున్నారని కూడా రాశారు.

నా సమాధానం: వెళ్లండి. కానీ డిప్యుటేషన్ మీదే వెళ్లండి, యూనివర్సిటీలో లియన్ (పాత ఉద్యోగానికి తిరిగి వచ్చే హక్కు) మాత్రం వదులుకోవద్దు. చదువుకు విలువ ఉంటుంది, కాకపోతే మీరు అనుకుంటున్న చోట కాదు. ముద్ర సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విభాగంలో పంతొమ్మిదేళ్లు పవర్ సిస్టమ్స్ పాఠాలు చెప్పాను. తర్వాత ఒక రాష్ట్ర కమిషన్‌లో టారిఫ్ విభాగంలో నాలుగేళ్లు డిప్యుటేషన్. మళ్లీ కాలేజీ. చివర్లో ఇంకో కమిషన్‌లో సభ్యుడిగా ఐదేళ్లు. ఏ రాష్ట్రాలో చెప్పను. నేను సంతకం పెట్టిన ఆర్డర్ల మీద ఇంకా అప్పీళ్లు నడుస్తున్నాయి.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. ఏటా నవంబర్ 30 లోపు డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) వచ్చే సంవత్సరానికి తమకు ఎంత డబ్బు కావాలో లెక్క వేసి కమిషన్‌కి ఇవ్వాలి. దాన్నే ఏఆర్‌ఆర్ అంటాం. క్లాసులో అది బోర్డు మీద ఒక సమీకరణం: కొనే కరెంటు ఖర్చు, లైన్ల ఖర్చు, జీతాలు, అప్పులపై వడ్డీ, పెట్టుబడిపై రాబడి అన్నీ కూడి, ఇప్పుడున్న ఛార్జీలతో వచ్చే ఆదాయం తీసేస్తే మిగిలేది లోటు. ఆఫీసులో మాత్రం అది అట్టపెట్టెల్లో వస్తుంది. నేను చేరిన మొదటి ఏడాది డిసెంబర్‌లో నా గదిలో కుర్చీ జరపడానికి చోటు లేదు. ఆ పెట్టెల్లో ఉన్న అంకెల్లో సగం ఒకదానితో ఒకటి కలవవు. ఒక ఫారంలో ఉన్న అమ్మకాలు వేరు, ఇంకో ఫారంలో ఉన్నవి వేరు. కలవని చోట వేలుపెట్టి అడగడమే మీ ఉద్యోగం.

విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 64 ప్రకారం దరఖాస్తు అందిన 120 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి. ఆ 120 రోజుల్లోనే పత్రికల్లో ప్రకటన, ప్రజల అభ్యంతరాలు, వాటికి డిస్కం జవాబులు, జిల్లాల్లో బహిరంగ విచారణలు, ఆర్డర్ రాయడం అన్నీ అయిపోవాలి, ఏప్రిల్ 1 నుంచి కొత్త రేట్లు అమలు కావాలి. మనకు ఒక పేపర్ రివ్యూకి వెళ్లి రావడానికే ఎనిమిది నెలలు పడుతుంది. "మరింత అధ్యయనం అవసరం" అని రాసి ముగించే సౌకర్యం అక్కడ లేదు. డేటా సగమే ఉన్నా అంకె వేయాలి, ఆ అంకె ఎందుకో రాయాలి. మన వాళ్లలో చాలామందికి నిద్ర పట్టనిది ఇక్కడే. మొదటి మార్చి నెలంతా నాకూ టెన్షనే.

ఇక ముద్ర వేయడమేనా అన్న ప్రశ్న. ప్రభుత్వం ఫోన్ చేసి యూనిట్‌కి ఇంత పెట్టమని చెప్తుందని బయట అనుకుంటారు. అసలు దారి చట్టంలోనే ఉంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు ప్రభుత్వమే ముందుగా చెల్లించాలని సెక్షన్ 65 చెబుతుంది. ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వొచ్చని సెక్షన్ 108. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అది కమిషన్ ఇచ్చింది కాదు, ప్రభుత్వ విధానం. ఆ ఉచితానికి ఎంత ఖర్చవుతుందో తేల్చడం కమిషన్ పని. ఉచితం ఇవ్వాలా వద్దా అనేది మీ చేతిలో ఉండదు. ఎన్ని యూనిట్లు అనేది మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. మిగతా పంచాయితీ అంతా ఆ యూనిట్ల దగ్గరే జరుగుతుంది.

ఎందుకంటే చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు. డిస్కం వ్యవసాయ వాడకం ఎక్కువ చూపిస్తే రెండు లాభాలు: సబ్సిడీ ఎక్కువ రావాలని అడగొచ్చు, దొంగ కరెంటు, లైన్ నష్టాలు ఆ లెక్కలో కలిసిపోయి నష్టాల శాతం తక్కువగా కనిపిస్తుంది. అందుకే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటి రీడింగ్ నుంచి మొత్తాన్ని అంచనా కట్టే పద్ధతి వచ్చింది. మన దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ విధానం అంటారు దాన్ని.

ఈ విషయంలోనే నాకు ఈ ఉద్యోగం అంటే ఏమిటో తెలిసింది. చేరిన రెండో ఏడాది. నా దగ్గర ఎంటెక్ చేసిన కుర్రాడు రెండు మండలాల్లో పంపుసెట్లు తిరిగి చూసి మంచి థీసిస్ రాశాడు. డిస్కం చెప్పినన్ని గంటలు మోటార్లు నడవడం లేదని అందులో స్పష్టంగా ఉంది. నేను సంబరంగా స్టాఫ్ నోట్‌లో అది పెట్టి, వ్యవసాయ వాడకం కోయాలని రాశాను. ఛైర్మన్ గారు పిలిచారు.

"ఇది పిటిషన్‌లో ఉందా?"

"లేదు సార్."

"అభ్యంతరాల్లో ఎవరైనా చెప్పారా?"

"లేదు సార్. నా స్టూడెంట్ థీసిస్. నా దగ్గర ఉంది."

ఆయన నోట్ మూసి, కళ్లద్దాలు తీసి అడిగారు: "మీరు ఇక్కడ ఆఫీసరా, సాక్షా?"

నాకు కోపం వచ్చింది. నిజం నా చేతిలో ఉంటే వాడుకోవద్దంటారేమిటని. రెండు రోజులకు గాని అర్థం కాలేదు. ఆ థీసిస్ మీద డిస్కం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అడిగే అవకాశం వాళ్లకు ఇవ్వలేదు. దాని మీద ఆధారపడి ఆర్డర్ ఇస్తే అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో అది ఒక్క రోజు కూడా నిలబడదు. రికార్డులో లేనిది మీకు తెలిసినా తెలియనట్టే. ప్రొఫెసర్ నుంచి రెగ్యులేటర్‌గా మారడంలో ఇంతకన్నా పెద్ద మార్పు లేదు. ఇన్నేళ్లూ మన తలలో ఉన్నదానికే జీతం తీసుకున్నాం. ఇక్కడ ఫైల్లో ఉన్నదానికే విలువ.

అయితే ఆ థీసిస్ వృథా పోలేదు. ఏం అడగాలో అదే చెప్పింది. శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ రీడింగులు నెలవారీగా, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే లైన్) వారీగా పంపమని డిస్కంకి లేఖ రాశాం. నెల రోజులు కిందామీదా పడి పంపారు. ఎక్సెల్‌లో పెట్టి చూస్తే చాలా మీటర్లలో జూన్ రీడింగూ సెప్టెంబర్ రీడింగూ ఒకటే. అవి ఆగిపోయిన మీటర్లు. వాటికి పక్క ట్రాన్స్‌ఫార్మర్ సగటు వేసి లెక్క పూరించారు. ఆగిపోయినవి తీసేసి మళ్లీ లెక్క కడితే మా కుర్రాడు చెప్పిన అంకెకు దగ్గరగానే వచ్చింది. ఆ కోత అప్పీల్‌లో కూడా నిలబడింది, ఎందుకంటే అది డిస్కం సొంత రీడింగుల నుంచి వచ్చింది. థీసిస్ పేరు ఆర్డర్‌లో ఎక్కడా లేదు. ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆర్డర్ వెబ్‌సైట్‌లో పెట్టాక అతనే చదివి "సార్, పేరా చూశాను" అని మెసేజ్ పెట్టాడు.

అంటే మన చదువు అక్కడ జవాబుగా పనికిరాదు, ప్రశ్నగా పనికొస్తుంది. ఇంకో చోట కూడా పనికొస్తుంది: రాయడంలో. కారణాలు రాయని ఆర్డర్ కోర్టులో చెల్లదు. డిస్కం వాదన ఇది, అభ్యంతరం ఇది, కమిషన్ అభిప్రాయం ఇది, ఎందుకంటే ఇదీ అని వరుసగా రాయగలిగేవాళ్లు ఆఫీసుల్లో చాలా తక్కువ. థీసిస్‌లు దిద్దిన చేతికి అది అలవాటైన పని. ఆల్‌ఫ్రెడ్ కాన్ అని కార్నెల్ యూనివర్సిటీ ఎకనమిక్స్ ప్రొఫెసర్ ఉండేవారు. 1974లో న్యూయార్క్ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్ అయ్యి, కరెంటుకు వేళను బట్టి రేటు అనే ఆలోచనను పుస్తకంలోంచి తీసి అమల్లోకి తెచ్చారు. 1977లో అమెరికా విమానయాన నియంత్రణ బోర్డుకు వెళ్లాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఉద్యోగులకు ఒక మెమో రాయడం. లీగల్ భాషలో "ఇందు మూలముగా, పైన పేర్కొనబడిన" తరహా రాతలు మానేసి మామూలు మనుషులు మాట్లాడుకునేలా రాయమన్నారు. మరుసటి ఏడాదే విమాన ఛార్జీల మీద నియంత్రణ ఎత్తేసే చట్టం వచ్చింది, 1984 చివరికి ఆ బోర్డే మూతపడింది. తను కూర్చున్న ఆఫీసునే అక్కర్లేదని వాదించి నెగ్గిన ప్రొఫెసర్ ఆయన. మీకు అంత అదృష్టం పట్టకపోవచ్చు గానీ మెమో మాత్రం రాయొచ్చు.

ప్రొఫెసర్‌కి ఎక్కడ దెబ్బ తగులుతుందో చెప్పే కథ బ్రిటన్‌ది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో స్టీఫెన్ లిటిల్‌చైల్డ్ అనే ప్రొఫెసర్. ధరల పెరుగుదల లోంచి కొంత శాతం తగ్గించి ఛార్జీలకు పరిమితి పెట్టే పద్ధతి 1983లో టెలిఫోన్ల కోసం సూచించింది ఆయనే. తర్వాత 1989లో అక్కడి మొదటి విద్యుత్ రెగ్యులేటర్ అయ్యారు. 1994 ఆగస్టులో పంపిణీ కంపెనీల ఛార్జీలకు పరిమితి ప్రకటించారు. తర్వాత ఒక కంపెనీని ఇంకొకరు కొనబోతే, ఆ కంపెనీ తన వాటాదారులను నిలుపుకోడానికి ఇస్తానన్న సొమ్ము చూస్తే, పరిమితి మరీ వదులుగా ఉందని తేలింది. 1995 మార్చిలో మళ్లీ పరిశీలిస్తానన్నారు. అది సరిగ్గా ప్రభుత్వం విద్యుదుత్పత్తి కంపెనీల్లో మిగిలిన వాటాలు అమ్మిన మరుసటి రోజు. షేర్లు పడిపోయాయి, పెద్ద గొడవైంది. కొత్త ఆధారం వస్తే అభిప్రాయం మార్చుకోవడం మన వృత్తిలో గొప్ప గుణం. రెగ్యులేటర్ కుర్చీలో మాత్రం ఎప్పుడు మార్చుకున్నారన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది. మన దగ్గర దీనికి ట్రూ అప్ అనే పద్ధతి ఉంది: అంచనా తప్పితే తర్వాతి సంవత్సరాల్లో సర్దుతారు. దాన్నీ గడువులోనే చేయాలి. ఏళ్ల తరబడి ఆపి ఒకేసారి జనం మీద వేస్తే ఆ తిట్లు మీకే.

మన ఊరి ఉదాహరణ కావాలంటే గీతా గౌరి గారు. హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్‌లో పనిచేసి, ఏపీఈఆర్‌సీలో (ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి) టారిఫ్ వ్యవహారాలు చూసి, తర్వాత ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ సభ్యురాలయ్యారు. టారిఫ్ విభాగం చిన్న మెట్టు కాదు.

సభ్యుడిగా ఉన్నప్పటి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. కలెక్టరేట్ మీటింగ్ హాల్లో బహిరంగ విచారణ. పొద్దున్నుంచి పరిశ్రమల వాళ్ల లాయర్లు క్రాస్ సబ్సిడీ (ఒక వర్గం దగ్గర ఎక్కువ తీసుకుని ఇంకో వర్గానికి తగ్గించడం) మీద వాదించారు. భోజనాల వేళకి ఒకాయన లేచాడు, అరవై దాటి ఉంటాయి, తువ్వాలు భుజం మీద. చేతి సంచిలోంచి కాలిపోయిన మోటార్ వైండింగ్ తీగ చుట్ట తీసి మైకు పక్కన పెట్టాడు. నల్లగా మాడిన వార్నిష్ వాసన ఏసీ హాలంతా వచ్చింది. "సార్, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పల్లెల్లో నలభై ఎనిమిది గంటల్లో మార్చాలని మీరే రాసిన్రంట. మాకు పదకొండు రోజులు పట్టింది. ట్రాక్టర్ కిరాయి మేమే పెట్టుకున్నం, దించనీకి మనుషులను మేమే తోలుకపోయినం. మీ నలభై ఎనిమిది గంటలు ఏ గడియారంల సార్?"

నవ్వారు అందరూ. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. డిప్యుటేషన్ రోజుల్లో వేరే రాష్ట్రంలో అచ్చం అలాంటి నిబంధనే రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. పట్టణాల్లో 24 గంటలు, గ్రామాల్లో 48 అని టేబుల్ వేసి, ఆలస్యమైతే పరిహారం అని రాసి, మంచి పని చేశామనుకున్నాం. పరిహారం కోసం రైతే దరఖాస్తు పెట్టుకోవాలని, ఎప్పుడు కాలిందో రాసే రిజిస్టర్ డిస్కం చేతిలోనే ఉంటుందని మాకు తట్టలేదు. రైతు ఫోన్ చేసిన రోజు కాదు, లైన్‌మన్ రాసిన రోజే "కాలిన రోజు". ఆ ఏడాది ఆర్డర్‌లో ఫిర్యాదు నంబర్ ఎస్‌ఎంఎస్‌లో పంపాలని, గంటలు అక్కడి నుంచే లెక్కించాలని ఆదేశం పెట్టించాను. పూర్తిగా అమలైందని చెప్పను. మరుసటి ఏడాది ఆయన మళ్లీ వచ్చి, ఈసారి అయిదు రోజులన్నాడు.

ఇక మీ జీవితంలో మారేవి. పత్రికలకు వ్యాసాలు రాయడం ఆగిపోతుంది. టీవీ చర్చలు అసలే వద్దు. సెమినార్‌లో పెండింగ్ కేసు మీద నోరు జారితే మర్నాడు ఎవరో ఒకరు అఫిడవిట్‌లో పెడతారు. నాకు ఇంకో ఇబ్బంది ఉండేది: డిస్కంల్లో పెద్ద ఇంజినీర్లు (ఎస్‌ఈలు, సీజీఎంలు) సగం మంది నా పాత విద్యార్థులే. ఎదురుగా నిలబడి "మాస్టారూ" అంటారు, అభిమానంతోనే. వాళ్లింటి పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు వేసి భోజనం చేయకుండా వచ్చేసేవాణ్ని. మా ఆవిడకి అది బొత్తిగా నచ్చేది కాదు. "పప్పన్నం తింటే తీర్పు మారిపోతుందా?" అనేది. మారదు. కానీ ఆ పెళ్లిలో ఫొటో తీసేవాడు ఉంటాడు.

డబ్బు, సర్వీసు విషయాలు. ఇక్కడే ఎక్కువ మంది నష్టపోతారు, కాబట్టి ఓపిగ్గా చదవండి. డిప్యుటేషన్ కాలానికి పెన్షన్ కంట్రిబ్యూషన్ కమిషన్ కడుతుందా, యూనివర్సిటీకి చేరుతుందా అన్నది ఏటా ఒకసారి చలానా చూసి నిర్ధారించుకోండి. నా విషయంలో కట్టిన సొమ్ము ఏ పద్దులో పడిందో తెలియక, తిరిగి వచ్చాక పద్నాలుగు నెలలు రెండు ఆఫీసుల మధ్య తిరిగాను. ప్రమోషన్‌కు ఆ సర్వీసు లెక్కిస్తారో లేదో వెళ్లే ముందే రిజిస్ట్రార్ చేత కాగితం మీద రాయించుకోండి. నోటిమాట పనికిరాదు, రిజిస్ట్రార్లు మారిపోతారు. మీ దగ్గర పీహెచ్‌డీ విద్యార్థులుంటే కో-గైడ్‌ని ఇప్పుడే చూడండి. నాలుగేళ్లలో నావి రెండే పేపర్లు వచ్చాయి, ఒక విద్యార్థి గైడ్ మార్చుకుని వెళ్లిపోయాడు. ఆ విషయంలో ఇప్పటికీ బాధగానే ఉంది.

నేరుగా కమిషన్ సభ్యుడిగానే వెళ్లొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. చట్టం అడ్డు చెప్పదు. ఇంజినీరింగ్, ఫైనాన్స్, కామర్స్, ఎకనమిక్స్, లా, మేనేజ్‌మెంట్‌లో తగిన పరిజ్ఞానం ఉండాలని సెక్షన్ 84 చెబుతుంది. కానీ రాష్ట్ర కమిషన్‌లో ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించి ఉండరు. అందులో ఒకరు న్యాయరంగం నుంచి ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2018లో గుజరాత్ కేసులో తేల్చింది. మిగతా వాటికి రిటైరైన ఐఏఎస్‌లు, విద్యుత్ సంస్థల డైరెక్టర్లు వరుసలో ఉంటారు. సెలక్షన్ కమిటీ ఖాళీకి ఇద్దరి పేర్లు పంపిస్తుంది, అందులోంచి ఎంచుకునేది ప్రభుత్వం. ఎంపికైనా పదవీకాలం ఐదేళ్లు, లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. అదే కమిషన్‌లో అదే హోదాలో మళ్లీ ఇవ్వరు. దిగిపోయాక రెండేళ్లు ఆ రంగంలో వాణిజ్య ఉద్యోగం చేయకూడదు, కమిషన్ల ముందు ఎవరి తరఫునా ఎప్పటికీ హాజరు కాకూడదు. 47 ఏళ్లకు వెళ్లి 52కి దిగితే మిగతా కాలం ఏం చేస్తారు? సభ్యత్వం రిటైర్మెంట్ దగ్గర పడ్డవాళ్లకు సరిపోతుంది. మీ వయసుకి టారిఫ్ విభాగమే సరైనది, నిజానికి అంకెలు తేలేది కూడా అక్కడే.

చేరాలో వద్దో తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మీ రాష్ట్ర కమిషన్ వెబ్‌సైట్ నుంచి కిందటేడాది టారిఫ్ ఆర్డర్ దించుకోండి. ముందుమాట వదిలేసి వ్యవసాయ అమ్మకాలు, పంపిణీ నష్టాలు ఉన్న అధ్యాయం తీయండి. డిస్కం అడిగినదానికీ కమిషన్ ఒప్పుకున్నదానికీ తేడా ఎక్కడ ఉందో పట్టుకుని, ఆ కోతకు రాసిన కారణం చదవండి. మీరైతే ఏ కాగితం అడిగేవారో పక్కన రాసుకోండి. రెండు ఆదివారాలు ఇలా కూర్చుంటే విసుగొస్తే మాత్రం దరఖాస్తు పెట్టకండి.

పెట్టేట్టయితే, త్రూ ప్రాపర్ ఛానల్ (పనిచేస్తున్న సంస్థ ద్వారానే పంపాలి) అని ఉంటుంది కాబట్టి యూనివర్సిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కోసం ఆగకుండా అడ్వాన్స్ కాపీ నేరుగా కమిషన్ సెక్రటరీకి పంపేయండి. విజిలెన్స్ క్లియరెన్స్ ఫైలు రిజిస్ట్రార్ ఆఫీసులో కనీసం మూడు టేబుళ్లు దాటాలి, రేపు పొద్దున్నే మొదలుపెట్టండి.